పైన ఐదు, కింద ఐదు

పోయిన వారం మోరీన్ టియర్నీని ప్రిన్సిపాల్ గది బయట, తలుపు పిడి మీద చెయ్యి ఉండగానే వదిలేశాం. లోపలి నుంచి ఆమెకి వినిపించిన మాట గుర్తుందిగా? "ఎవరు నేర్పారో ఆ పిల్ల చెబితే చాలు. మిగతాది నేను చూసుకుంటాను." ఆ గొంతు డాక్టర్ రూత్ ఆల్డెన్‌ది. జిల్లా బడులన్నిటికీ పరీక్షల డైరెక్టర్ ఆవిడే.

ఇప్పుడే బండెక్కినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మోరీన్ ఆరో తరగతి లెక్కల టీచరు. అమెరికాలో, పాతబడ్డ బట్టల మిల్లుల మధ్య, కాలవల పక్కన ఉన్న ఆ ఊళ్లో ఆరు నుంచి ఏడుకి వెళ్లడమంటే పట్టాలు రెండుగా చీలే చోటికి చేరడమే. ఏడులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ దొరికిన పిల్లలు ఎనిమిదిలో ఆల్జీబ్రా, హైస్కూల్ ముగిసేలోపు కాలిక్యులస్ చదువుతారు. దొరకనివాళ్లు ఆ పట్టా మీదికి మళ్లీ ఎక్కడం దాదాపు కల్ల. ఎక్కించేది మార్చి నెలలో పెట్టే ఒక్క పరీక్ష.

ఈసారి ఆ పరీక్షలో అందరికంటే పైన నిలిచిన పిల్ల మాలిస్ చిమ్. కాలవ గట్టు పిల్ల, కంబోడియా నుంచి వచ్చిన కుటుంబం. కానీ ఆమె కాగితం మీద, అదే గట్టు మీద ఉండే మరో ముగ్గురి కాగితాల మీద ప్రతి భాగహారం పక్కనా ఒకే వింత గుర్తు కనిపించింది. ఇంటూ ఆకారంలో రెండు గీతలు, వాటి మధ్య నాలుగు ఖాళీల్లో నాలుగు అంకెలు, నట్టనడుమ చిన్న సున్న. దిద్దినవాళ్లు అది కాపీ సంకేతమన్నారు. రూత్ ఆల్డెన్ ఆ నలుగురి మార్కులూ పక్కన పెట్టించింది. ఇవాళ తేలకపోతే ఆ సీట్లు వేరే పిల్లలకి వెళ్లిపోతాయి.

మోరీన్ తలుపు తోసింది.

గదిని వేడిచేసే ఆవిరి గొట్టం టంగు టంగుమని మోగుతోంది. బల్లకి ఒక వైపు మాలిస్, స్వెటర్ చేతుల్లోకి వేళ్లు లాక్కుని ముడుచుకుని కూర్చుంది. పక్కన ఆమె మామ్మ సారున్. తల మీద ఊరి ఫుట్‌బాల్ జట్టు ఉన్ని టోపీ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి. అందులోంచి తీసిన అరటాకు పొట్లాలు అప్పటికే బల్ల మీద వరసగా ఉన్నాయి. ఎదురుగా ప్రిన్సిపాల్ గ్లెన్ హార్కిన్స్ ఆ పొట్లాల్ని బాంబుల్లా చూస్తున్నాడు.

"రా మోరీన్, కూర్చో. వీళ్లు ఇవి తెచ్చారు. విచారణ జరుగుతుండగా తినొచ్చంటావా? లంచం కిందికి వస్తుందేమో?"

"అరటాకులో ఉడికించిన అన్నం ముద్ద గ్లెన్. దానికి నువ్వు అమ్ముడుపోతావని ఎవరూ అనుకోరులే."

మామ్మ ఖ్మేర్ భాషలో ఏదో అంది. మాలిస్ నేల చూపులు చూసింది.

"ఏమంటోంది?" అన్నాడు గ్లెన్.

"మీరు... చిక్కిపోయారంటోంది సార్."

గ్లెన్ బొజ్జ బల్ల అంచుకి ఆనుకుని ఉంది. అసలు మాట అది కాదని అందరికీ అర్థమైంది.

బల్ల చివర రూత్ ఆల్డెన్ కూర్చుని ఉంది. బూడిద రంగు సూటు, కురచగా కత్తిరించిన జుట్టు, ముందు నాలుగు కాగితాలు. ఆవిడకి యాభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు ఎవరో అమెరికన్ దంపతులు పెంచుకున్నారని జిల్లా ఆఫీసులో అనుకుంటారు. ఏ దేశపు బిడ్డో ఆవిడ చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. మామ్మ మాత్రం కూర్చున్నప్పటి నుంచీ ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు.

"మాలిస్," అంది రూత్. "ఈ గుర్తేమిటి?"

"సరిచూసుకోడానికి, మిస్."

"ఎవరు నేర్పారు?"

పిల్ల స్వెటర్ చేతుల్ని ఇంకా కిందికి లాక్కుంది.

"నిన్నెవరూ తిట్టరు. పేరు చెప్పు."

"చెప్పనని మాటిచ్చాను మిస్."

గొడవలంటే ఒళ్లు వణికే గ్లెన్ చప్పున అందుకున్నాడు. "ఆగండాగండి. దీనికి చాలా సులువైన జవాబుంది. రాత్రి కూర్చుని చదివాను. వాళ్ల దేశంలో ఒకప్పుడు ఫ్రెంచి బడులు ఉండేవి. ఇది ఆ పాత పద్ధతి. తాతలు, మామ్మలు ఇంట్లో నేర్పి ఉంటారు. అది వాళ్ల సంస్కృతి. మనం గౌరవించాలి. అంతే! కాగితాలు దిద్దేసి ఇళ్లకి పోదాం." చెప్పి, గెలిచినవాడిలా ఒక పొట్లం మీదికి చెయ్యి చాచాడు.

మోరీన్‌కి ప్రాణం లేచొచ్చింది. నిజమో కాదో ఆమెకి తెలీదు, కానీ ఆ మాటతో సీట్లు దక్కుతాయి. నోరు మూసుకుంటే చాలు.

మామ్మ మనవరాలి చెయ్యి గోకింది. మాలిస్ గుసగుసగా తర్జుమా చేసింది. మామ్మ మొదట నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. టోపీ సర్దుకుని, గ్లెన్ వైపు కాకుండా రూత్ వైపు తిరిగి నెమ్మదిగా మాట్లాడింది.

రూత్ చేతిలో కలం కదలడం మానేసింది.

"ఏమంది?" అంది మోరీన్.

మాలిస్ ఆగి ఆగి చెప్పింది. "నేనా నేర్పేది అంటోంది. ఈ పిల్ల ఈడులో నా నెత్తి మీద మట్టి గంప ఉండేది, కాలవలు తవ్వించారు అంటోంది. చదువుకున్నవాళ్లని చంపే రాజ్యం వచ్చింది, మా బడి గదుల్లో వడ్లు పోశారు. లెక్కలు వచ్చని ఒప్పుకున్నవాణ్ణి తీసుకెళ్లారు, వాడు మళ్లీ రాలేదు. నాకు భాగహారం రాదు, కోడి కూర చెయ్యడం వచ్చు... అంటోంది."

గ్లెన్ పొట్లం కింద పెట్టేశాడు.

మోరీన్ మాత్రం వేరే ఆలోచనలో పడింది. కలం ఆగింది ఎప్పుడు? మాలిస్ ఇంకా నోరు విప్పకముందు.

"మరి వయట్ గాన్యాన్ సంగతేంటి?" రూత్ గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "నాలుగో కాగితం వాడిది. వాడి మామ్మది కూడా కంబోడియానేనా గ్లెన్?"

"కాదు... వాళ్లు కెబెక్ నుంచి..."

"వాడు మా ఇంట్లోనే తింటాడు," అంది మాలిస్. "కానీ మా యియే, అంటే మామ్మ, వాడికి లెక్కలు చెప్పలేదు. చేపముల్లు తియ్యడం నేర్పింది."

"అంటే నలుగురికీ ఒకే మనిషి నేర్పాడు. నాకు ఆ మనిషి కావాలి."

మోరీన్ ఇక ఆగలేకపోయింది. "మీకు మనిషి కావాలా, న్యాయం కావాలా? కొండ మీద పెద్ద ఇళ్లలో ఉండే పిల్లాడొకడు ఇదే పరీక్ష తప్పాడు. వాళ్లమ్మ ఒక ఈమెయిల్ కొట్టి, 'మా పూచీ' అని సంతకం పెట్టింది. వాడికి సీటొచ్చింది. ఆ సంతకం పెట్టొచ్చని కాలవ గట్టు మీద ఒక్క తల్లికీ ఎవరూ చెప్పలేదు. తప్పినవాడికి సంతకం, గెలిచిన పిల్లకి విచారణా?"

"ఆ నియమం నేను రాయలేదు."

"కాగితాలు పక్కన పెట్టే నియమం రాసింది మీరేగా?"

"మోరీన్!" అన్నాడు గ్లెన్.

"ఒక్క పని చేద్దాం. ఈ గుర్తు కాపీ సంకేతమైతే కొత్త లెక్కకి పనికిరాదు. మీకు తోచిన లెక్క మీరే ఇవ్వండి డాక్టర్ ఆల్డెన్. ఇప్పుడే, ఇక్కడే."

రూత్ క్షణం ఆలోచించింది. "నాలుగు వేల ఏడు వందల ముప్పై తొమ్మిది. ఇరవై ఆరుతో భాగించు."

మాలిస్ లేచి తెల్లబోర్డు దగ్గరికి వెళ్లింది. మొదటి మార్కర్ ఎండిపోయింది. గ్లెన్ ఇంకోటి ఇచ్చాడు. ఈ బడిలో ఎవరూ రాయని తీరులో, ఇరవై ఆరుని కుడి వైపున పెట్టి కింద గీత గీసింది. అంకెలు దించుకుంటూ పోయి జవాబు రాసింది. నూట ఎనభై మూడు, మిగిలింది ఒకటి.

తప్పు. మోరీన్ మనసులో అప్పటికే చేసేసింది. పిల్లకి చెప్పడానికి లేదు.

మాలిస్ పక్కన రెండు గీతలతో ఇంటూ వేసింది. ఎడమ ఖాళీలో ఎనిమిది. కుడి ఖాళీలో మూడు. పైన ఐదు. కింద ఏడు. ఐదుని, ఏడుని చూసింది.

"ఛ, నీళ్లు!"

"ఏం నీళ్లు?" అన్నాడు గ్లెన్.

ఆమె వినిపించుకోలేదు. వేలితో అంకెల్ని తడుముతూ పైకి వెళ్లి ఒకచోట ఆగింది. "ఇరవై ఆరు ఎనిమిదులు రెండు వందల ఆరు అన్నాను. రెండు వందల ఎనిమిది కదా!" అరచేత్తో తుడిచి మళ్లీ చేసింది. నూట ఎనభై రెండు, మిగిలింది ఏడు. మళ్లీ ఇంటూ. ఎడమన ఎనిమిది, కుడిన రెండు, పైన ఐదు, కింద ఐదు. ఊపిరి వదిలి నడుమ చిన్న సున్న చుట్టింది.

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు," అన్నాడు గ్లెన్.

"తొమ్మిదులు పారేసి సరిచూడ్డం," మోరీన్ ఉత్సాహంగా బోర్డు దగ్గరికి నడిచింది. "అంకెలు కూడు. నాలుగు, ఏడు, మూడు, తొమ్మిది. ఇరవై మూడు. మళ్లీ కూడు, ఐదు. అది పైన. ఇరవై ఆరులో అంకెలు కూడితే ఎనిమిది, అది ఎడమన. జవాబు నూట ఎనభై రెండు, అంకెలు కూడుతూ పోతే రెండు, అది కుడిన. ఎనిమిది రెళ్లు పదహారు, అంటే ఏడు. దానికి మిగిలిన ఏడు కలుపు. పద్నాలుగు, అంటే ఐదు. అది కింద. పైనా కిందా ఒకటే అయితే లెక్క కుదిరినట్టు. కుదరకపోతే ఎక్కడో తప్పున్నట్టే. చూశావుగా గ్లెన్? తప్పు చేసింది, తనంతట తనే పట్టుకుంది. కాపీ కొట్టే పిల్లకి తన తప్పు తనకి తెలుస్తుందా?"

గ్లెన్ మొహం వెలిగిపోయింది. "రూత్, ఇంకేం కావాలి మీకు?"

రూత్ లేచి నిలబడింది. బోర్డు దగ్గరికి వచ్చి ఆ ఇంటూ గుర్తుకి జానెడు దూరంలో ఆగింది.

"ఫ్రెంచి బడుల్లో ఇది ఇలా వెయ్యరు," అంది. "సరిపోలాల్సిన రెండు అంకెలు ఎడమా కుడీ ఉంటాయి. నువ్వు పైనా కిందా పెట్టావు. ఎందుకు?"

అంత వివరం ఈవిడకెలా తెలుసు? మోరీన్ రూత్ వైపు తిరిగి చూసింది.

"తా అలాగే..." అనేసి మాలిస్ నాలిక కరుచుకుంది. తాత వయసువాళ్లని ఆ గట్టు మీద పిల్లలు పిలిచే పిలుపు అది. మామ్మ టోపీ కింద కనుబొమలు పైకి లేచాయి. 'ఏ తా? నాకు చెప్పకుండానా?' అన్నట్టు మనవరాలి వైపు చూసింది.

"సరే. పేరొద్దు." రూత్ గొంతు సన్నబడింది. "నడుమ ఈ సున్న ఎందుకు? అది మాత్రం చెప్పు."

అది చెప్పకూడదని ఎవరూ అనలేదు. మాలిస్ భుజాలు ఎగరేసింది. "అది సున్న కాదు మిస్. చేప."

"చేపా?" అన్నాడు గ్లెన్.

"పైన ఆకాశం, కింద చెరువు. పైన ఉన్నదే కింద కనిపిస్తే బుట్టలో చేప పడినట్టు. కనిపించకపోతే..."

"బుట్ట నిండా నీళ్లే. ఇంకోసారి ముంచు."

ఆ మాట అన్నది రూత్ ఆల్డెన్. ఇంగ్లీషులో కాదు. మోరీన్‌కి అర్థం తర్వాత మాలిస్ చెబితే తెలిసింది. ఆ క్షణంలో ఆమె చూసింది మాత్రం తెరుచుకున్న మాలిస్ నోరు, బల్ల మీద ధన్‌మని పడిన మామ్మ అరచెయ్యి.

"అన్నానా! లోపలికొచ్చినప్పుడే అన్నానా! ఈవిడ మనమ్మాయేనని!" మాలిస్ తర్జుమా చేసేలోపే మామ్మ ఒక పొట్లం తీసుకెళ్లి రూత్ చేతిలో కుక్కింది. "తిను చెల్లీ. ఎముకలు తేలిపోయావు."

"గ్లెన్‌ని అన్నది ఇది కాదన్నమాట," అంది మోరీన్, మాలిస్ ఆ మాట కూడా తర్జుమా చేశాక.

"సార్‌ని వేరేలా అంది," అంది మాలిస్ చిన్నగా.

రూత్ ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని కుర్చీలో కూలబడింది. కాసేపటికి నాలుగు కాగితాల్ని గ్లెన్ వైపు తోసింది. "ఈ మార్కులు కలిపెయ్యండి. నలుగురికీ సీట్లు ఇచ్చినట్టే. నేను సంతకం పెడతాను."

మాలిస్ స్వెటర్ చేతుల్లోంచి వేళ్లు బయటికి వచ్చాయి. "వయట్‌కి కూడానా?"

"వాడికి కూడా."

మోరీన్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ అంతకంటే బలంగా కోపం వచ్చింది. "అంటే మీకు ముందే తెలుసు. కాగితాలు చూసినరోజే ఇది కాపీ కాదని మీకు తెలుసు. అయినా పిల్లల్ని ఇన్నాళ్లు ఏడిపించారు."

"తెలుసు." రూత్ తప్పించుకోలేదు. "వేరే దారి తోచలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, కంబోడియాలో, బత్తంబాంగ్‌లో, మా పంతులుగారు ఇలా వేసేవారు. పైనా కిందా పెట్టడం, చేప గియ్యడం ఆయన సొంత కల్పన. మా తరగతి తప్ప ఇంకెవరికీ తెలీదు. బడి మూసేశాక ఆయన్ని పొలంలోంచి తీసుకెళ్లారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. తీసుకెళ్తున్నవాడు కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కండువా కొసని మణికట్టుకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, పెళ్లికి తీసుకెళ్తున్నట్టు నవ్వుతూ నడిచాడు. అలా వెళ్లినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. మరి ఆ చేప ఈ ఊరికి ఎలా వచ్చింది? పోయినవాళ్లు లెక్కలు చెప్పరు కదా మోరీన్?"

మాలిస్ బోర్డు మీది చేప వైపు ఒకసారి చూసి, రూత్ దగ్గరికి వచ్చింది.

"మిస్," అంది మాలిస్. "తా ఎవరికీ చెప్పొద్దన్నారు. ఒక్కళ్లకి తప్ప."

"ఎవరికి?"

"నీళ్ల మాట పూర్తి చేసినవాళ్లకి."

మోరీన్ ఒక అడుగు ముందుకి వేసింది. "అంటే అలాంటివాళ్లు దొరుకుతారని ఆయనకి తెలుసా?"

"ఏమో మిస్. ఇంట్లో లెక్క చేసేటప్పుడు చేప గియ్యకపోయినా పర్లేదనేవారు. పెద్ద పరీక్షలో మాత్రం ప్రతి లెక్క పక్కనా గియ్యాలి, పెద్దగా గియ్యాలి అన్నారు. ఆ కాగితాలు జిల్లా ఆఫీసుకి వెళ్తాయట. పోయిన ఏడాది పిల్లలకీ అలాగే చెప్పారు. వాళ్లు పరీక్షలో మర్చిపోయారు."

పిల్లలు బుట్ట. కాగితాలు చెరువు. ఇన్నాళ్లూ ముంచిన బుట్టలో ఇవాళ పడిన చేప, బూడిద రంగు సూటులో, చేతిలో అన్నం పొట్లంతో కూర్చుని ఉంది. మోరీన్‌కి ఆ బొమ్మ కళ్ల ముందు గీసినట్టు కనిపించింది. ఒక్కటే కుదరలేదు. పాత శిష్యుల్ని వెతుక్కునే పంతులు గుడిలో అడగొచ్చు, పేపర్లో వేయించొచ్చు. ఇలా చాటుగా ఎర వెయ్యడం దేనికి?

"ఆయన ఎక్కడుంటారు?" రూత్ గొంతు తొమ్మిదేళ్ల పిల్ల గొంతులా ఉంది.

మాలిస్ నవ్వింది. ఆ రోజు మొదటిసారి. "దూరమేం లేదు. ఇవాళ ఏమవుతుందో చూస్తానని వచ్చారు. బస్సుల దగ్గర నిలబడతానన్నారు." పరుగున కిటికీ దగ్గరికి వెళ్లి తెర పైకి లాగింది. "అదిగో!"

కింద పసుపు బస్సులు వరస కట్టి ఉన్నాయి. పార్కింగ్ అంచున పోగేసిన మంచు నల్లబడి కరుగుతోంది. దాని పక్కన ఒక ముసలాయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. పొడవాటి కోటు, మెడలో ఎర్ర గళ్ల కండువా. మాలిస్ అద్దం మీద తట్టి చెయ్యి ఊపింది. ఆయన తలెత్తాడు. బుజ్జగిస్తున్నట్టు నవ్వాడు.

రూత్ పొట్లం పట్టుకునే లేచి వచ్చింది. కళ్లనిండా నీళ్లు. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూసింది.

కింద ముసలాయన, మాలిస్ వైపే చూస్తూ, తీరిగ్గా కండువా కొసని మణికట్టుకి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టుకున్నాడు.

పొట్లం నేల మీద పడింది. రూత్ ఒక్క ఊపున తెర కిందికి దించి, పిల్లని రెండు భుజాలూ పట్టుకుని కిటికీ దగ్గర్నుంచి వెనక్కి లాగేసింది.

"మోరీన్, తలుపు గడియ పెట్టు," అంది. గదిలో అందరికీ వినిపించేలా, ఒక్కో మాటా విడదీసి. "అతను మా పంతులుగారు కాదు."